అక్కకు బాకీ లేనని చెప్పాలట

తప్పు నాదే. ఇంగ్లిషువాళ్లు బాకీల గురించి ఎలా మాట్లాడతారో నాకు బాగా తెలుసనుకున్నాను. వాళ్ల దేశం వచ్చి పదిహేనేళ్లుగా బట్టలు సరిచేసే ఆల్టరేషన్ షాపులో కౌంటరు వెనక నిలబడుతున్నదాన్ని. రోజుకు నలుగురైనా నాకు బాకీ పడుతుంటారు. జిప్పు ఊడిన గౌను అరగంటలో బాగుచేసి ఇస్తే "నా ప్రాణం కాపాడారు, మీకు రుణపడిపోయాను" అంటారు. మళ్లీ కనిపిస్తే ఒట్టు. ఆలస్యంగా వచ్చినవాడు "మీకొక సంజాయిషీ బాకీ ఉన్నాను" అంటాడు, ఆ సంజాయిషీ ఏమిటో మాత్రం చెప్పడు. తలుపు పట్టుకుని నిలబడినందుకు ఒక ముసలాయన టోపీ తీసి, నాకు ఎంతో కట్టుబడిపోయానన్నాడు. ఇంకొకావిడ పది రోజుల సెలవు మీద వెళ్తూ, ఆ సెలవు తనకు తానే బాకీ ఉన్నానంది. తనకు తనే బాకీ ఏమిటమ్మా, కుడిచేత్తో ఎడమచేతికి పెట్టుకోవడమా అని అడగబోయి ఊరుకున్నాను. గౌను ఇంకా నా దగ్గరే ఉంది మరి, కోపమొస్తే కుట్లు లెక్కపెడుతుంది.

మా తమ్ముడిది ఇంకా పెద్ద బేరం. వాడు లిఫ్టులు బాగుచేస్తాడు. రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయినవాళ్లను చెయ్యిపట్టి బయటికి లాగుతాడు. ప్రతివాడూ చెమటలు తుడుచుకుంటూ "జీవితాంతం నీకు బాకీ" అంటాడు. మర్నాడు అదే లిఫ్టు దగ్గర మావాడు ఎదురైతే ఫోనులో తల దూరుస్తాడు. మావాడికి అదేమీ పట్టదు, ఒట్టి వెర్రిబాగులవాడు. "మనసులో ఉంటుందిలే చిన్నక్కా" అంటాడు.

మా ఇంట్లో సంగతి వేరు. మా ఇంట్లో ఎవరైనా ఎవరికైనా థాంక్స్ చెప్పారంటే అలిగారని అర్థం. మమ్మల్నిద్దర్నీ పెంచింది పెద్దక్క. అమ్మ పోయేనాటికి ఆమెకు పదిహేడు, నాకు తొమ్మిది, వాడికి రెండు. నాన్న పని వెతుక్కుంటూ తిరిగేవాడు, ఇంట్లో ఉన్న రోజులు తక్కువ. అక్క చదువు మానేసి బేకరీలో చేరింది. తమ్ముణ్ణి పిండి బస్తాల మధ్య పడుకోబెట్టి పని చేసింది. ఇంటికి తెచ్చేసరికి ఇద్దరూ తెల్లగా దయ్యాల్లా ఉండేవారు. ఒక మంచి సంబంధం వచ్చింది. తనతోపాటు మేమిద్దరమూ వస్తామని అక్క చెప్పింది. వచ్చినవాళ్లు మంచినీళ్లు కూడా పూర్తిగా తాగకుండా లేచారు. ఇన్నేళ్లలో నీకు రుణపడి ఉన్నామని ఆమెతో మేం ఒక్కసారీ అనలేదు. మా బతుకే అది, దాన్ని విడిగా చెప్పడమేమిటి.

నిరుడు అక్క కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. వారానికి మూడుసార్లు ఆస్పత్రిలో రక్తం శుభ్రంచేసే మిషను పక్కన నాలుగేసి గంటలు పడుకుంటుంది. ఇంటికొచ్చాక మాట్లాడే ఓపిక ఉండదు. నా వంటకు వంక పెట్టే ఓపిక మాత్రం ఎక్కణ్ణించో వస్తుంది. ఈ మిషను మీద ఎన్నాళ్లో నడవదు, ఇంట్లో ఎవరైనా కిడ్నీ ఇస్తే బతుకుతుందని డాక్టరు చెప్పాడు. మమ్మల్నిద్దర్నీ రక్తపరీక్షకు వెళ్లమన్నాడు. తమ్ముడిది కలిసింది. నాకు షుగరుందనీ కుదరదన్నారనీ ఇంట్లో చెప్పాను.

అది అబద్ధం. నాకు షుగరూ లేదు, ఉప్పూ లేదు. అసలు నేను పరీక్షే చేయించుకోలేదు. ల్యాబు గుమ్మం దాకా వెళ్లాను. లోపల తెల్లకుర్చీ, దాని చేతికి కట్టిన రబ్బరు పట్టీ కనిపించాయి. వెనక్కి తిరిగి వచ్చేశాను. నాకు భయం. కత్తంటే భయం, మత్తుమందు ఇచ్చాక మళ్లీ లేవనేమోనని భయం. అంతకన్నా గొప్ప కారణమేదీ లేదు, ఉంటే బాగుండేది. అప్పటినుంచి అక్క ముఖం సూటిగా చూడలేకపోతున్నాను. తమ్ముడు కిడ్నీ ఇచ్చేస్తే నా అబద్ధం దానితోపాటే పూడిపోతుంది. వాడిది ఏ కారణంతోనైనా కాదన్నారో, అందరి చూపూ మళ్లీ నా మీదికే తిరుగుతుంది.

ఆపరేషనుకు ముందు ఒకావిడ వాణ్ణి ప్రశ్నలడుగుతుందని కాగితం వచ్చింది. ఆవిడ డాక్టరు కాదు. ఇచ్చేవాడు మనస్ఫూర్తిగా ఇస్తున్నాడా లేదా చూసి సంతకం పెట్టడం ఆవిడ పని. ఆ సంతకం లేనిదే ఆపరేషను లేదు. మేం ఆవిడకు ప్రశ్నలావిడ అని పేరు పెట్టుకున్నాం.

నేను వాణ్ణి వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టాను.

"జిప్పు కుడితేనే ప్రాణం బాకీ అనే మనుషులురా వీళ్లు. కిడ్నీ దగ్గర ఇంకెంత అనాలో ఆలోచించు. వాళ్ల మాటల్లో వాళ్లకు చెబితే చప్పున సంతకం పెట్టేస్తుంది."

"నాకు ఇవ్వాలనుంది, ఇస్తున్నాను అంటే చాలదా?"

"చాలదు. చప్పగా ఉంది."

పదిహేనేళ్ల కౌంటరు అనుభవమంతా పిండి మంచి వాక్యాలు ఏరి రాసిచ్చాను. మా అక్కకు నా జీవితమే బాకీ. ఇది ఆమెకు తీర్చాల్సిన రుణం. ఇవ్వడానికి నేను కట్టుబడి ఉన్నాను, నాకు వేరే దారి లేదు. వాడు వారం రోజులు లిఫ్టు గోతుల్లో నట్లు బిగిస్తూ వాటిని వల్లెవేశాడు. గురువారం ఆ గదిలోకి ఒక్కడే వెళ్లి, బయటికొచ్చి "ఒక్క ముక్క మర్చిపోలేదు చిన్నక్కా. ఆవిడ అన్నీ రాసుకుంది" అన్నాడు. నేను సంతోషం పట్టలేక వాడి వీపు మీద ఒక్కటి చరిచాను.

వారం తిరిగేసరికి ఉత్తరం వచ్చింది. పని నుంచి వచ్చిన తమ్ముడు చేతులు కూడా కడుక్కోకుండా తెచ్చి నాకిచ్చాడు. నిండా దయచేసి, చింతిస్తున్నాము, దయచేసి. వాటి మధ్య ఉన్నది ఇది. ఇచ్చే వ్యక్తి ఒక బాకీ తీర్చడానికి ఇస్తున్నట్టు మాకు అనిపించింది. బాకీ తీర్చడానికి ఇచ్చే అవయవాన్ని మేము తీసుకోలేము. ఎవరైనా ఒత్తిడి చేస్తున్నారేమోనన్న అనుమానం కూడా ఉంది. మంగళవారం మరొకసారి మాట్లాడతాము. అప్పటికీ ఇదే అభిప్రాయం కలిగితే ఫైలు మూసివేస్తాము.

కొరివితో తల గోక్కున్నట్టయింది నాకు. ముందు ఒళ్లు మండింది. ఇరవై నిమిషాలు లిఫ్టులో ఇరుక్కుంటే జీవితాంతం బాకీ అంటారు, జీవితమంతా పెంచిన మనిషి దగ్గరకొచ్చేసరికి బాకీ ఉండకూడదంటారు, ఇదెక్కడి చోద్యం అనుకున్నాను. మర్నాడు షాపులో ప్యాంట్లకు అంచులు కుడుతుంటే కొంచెం తెలిసొచ్చింది. వాళ్లు ఆ మాటను పైపైన వాడుకుంటారు, ఎంత వాడినా ఎవరి మీదా బరువు పడదు. నిజంగా బరువున్నచోట దాన్ని గుమ్మం దాటనివ్వరు. మేం సరిగ్గా అటుది ఇటు. నేను మావాణ్ణి ఆ బరువంతా నెత్తిన పెట్టి వాళ్ల గుమ్మంలోకి పంపాను. ఆ రోజు ఒక ప్యాంటు ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి అయింది.

శనివారం మధ్యాహ్నం మళ్లీ బల్ల దగ్గర కూర్చున్నాం. అక్క లోపల పడుకుని ఉంది.

"చెప్పు. మా అక్కకు నేను ఏమీ బాకీ లేను."

వాడు నేను రాసిచ్చిన కాగితాన్ని బల్ల మీద నా వైపే తోశాడు.

"చెప్పరా."

"అది నేననను."

"ఎందుకనవు?"

"రుణం లేదంటే ఏమిటి చిన్నక్కా? నాన్న పోయిన రోజు వచ్చినవాళ్లంతా ఏమన్నారు? మీకూ ఆయనకూ రుణం తీరిపోయింది, ఏడవకండి అన్నారు. బతికున్న మనిషిని పట్టుకుని ఆ మాట అనమంటావా?"

"ఇంగ్లిషులో అంటే ఏమీ కాదురా. వాళ్లకది మామూలు మాట."

"ఇంగ్లిషులో అన్నా అనేది నేనే కదా."

"నువ్వనకపోతే ఫైలు మూసేస్తారు. తర్వాత తీరిగ్గా అందరం కలిసి ఇంకో మాట అనుకోవాల్సి వస్తుంది. ఏ మాటో తెలుసా?" నా గొంతు నాకే కటువుగా వినిపించింది. వాడు తల వంచుకున్నాడు. అక్క మీద ప్రేమతోనే అరిచానని ఎవరైనా అనుకుంటారు. సగం నా భయమే అరిచింది.

తలుపు దగ్గర అలికిడైంది. అక్క గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"ఏం పాఠాలే అవి?"

"ఏం లేదక్కా" అన్నాను. ఆమె వచ్చి బల్ల మీద కాగితం తీసుకుని, దూరంగా పెట్టుకుని చదివింది.

"అనరా" అంది వాడితో. "అంటే ఏం పోయింది."

"అననక్కా."

"నిన్ను పెంచినప్పుడు నేనేమైనా కాగితం రాయించుకున్నానా? లేనిదాన్ని లేదని చెప్పడానికి నీకేం రోగం?" నవ్వుతూనే అంది. తర్వాత మాకు వీపు పెట్టి, కుర్చీ మీదున్న ఉతికిన బట్టలు మడవడం మొదలుపెట్టింది. ఒకే చొక్కాను మూడుసార్లు మడిచి, మూడుసార్లు విప్పింది. ఆ మాట వాడి నోట వినడం ఆమెకూ ఇష్టం లేదు. బతకాలని మాత్రం ఉంది. రెండూ ఆమె భుజాల్లో కనిపిస్తుంటే అక్కడ కూర్చోలేక నేను లేచి పెరట్లోకి వెళ్లిపోయాను.

ఆదివారం, సోమవారం కాలుగాలిన పిల్లిలా తిరిగాను. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను. షాపులో ఒకాయన కోటుకు గుండీలన్నీ ఎడమపక్క కుట్టాను. ఓనరు అది చూసి "ఈ రెండు రోజులూ నువ్వు ఇంట్లో ఉంటేనే నాకు లాభం" అన్నాడు. మంగళవారం సెలవిచ్చాడు.

ఆస్పత్రి వరండాలో రెండు బల్లలు, ఒక నీళ్ల మిషను, ఒక గడియారం. తమ్ముడు లోపలికి వెళ్లాడు. ఈసారి ఫోనులో తెలుగు దుబాసీని కూడా పెట్టారట, మాట పొల్లుపోకూడదని. నేను నీళ్లు తాగాను. కూర్చున్నాను. లేచాను. మళ్లీ నీళ్లు తాగాను. నలభై నిమిషాలు గడిచాయి. ఏ ముక్కు సూటి మాట అని మొత్తం చెడగొడుతున్నాడోనని తలుపుకు చెవి పెట్టబోయి మానుకున్నాను.

తలుపు తెరుచుకుంది. వాడి ముఖంలో ఏమీ తెలియలేదు.

"అన్నావా? బాకీ లేనన్నావా?"

"అనలేదు. ఉందన్నాను. కానీ అది కిడ్నీతో తీరేది కాదన్నాను. అలా తీర్చాలంటే రెండోది కూడా ఇచ్చేసి నేను మిషను పక్కన పడుకోవాలి అన్నాను. ఆవిడ నవ్వింది."

"నవ్వి?"

"ముందుసారి చెప్పిన మాటలు ఎవరు నేర్పారని అడిగింది. మా చిన్నక్క అన్నాను."

"ఓరి నీ నిజాయితీ తగలెయ్య."

"అడిగితే ఏం చెప్పను? ఇప్పుడు నిన్ను రమ్మంటోంది." వాడు నా పక్కన కూర్చున్నాడు. "ఇవ్వగలిగినవాళ్లు ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అని కూడా అడిగింది. ఉన్నారన్నాను."

"నాకు కుదరదన్నారు కదరా. షుగరు."

వాడు బూటు మీద గ్రీసు మరకను వేలితో గీకుతూ కూర్చున్నాడు.

"ఆ రోజు ఆ ల్యాబు బిల్డింగులో లిఫ్టు పని నాదే చిన్నక్కా. మూడో అంతస్తులో తలుపు ఊడదీసి కూర్చున్నాను. నువ్వు మెట్లెక్కి వచ్చావు. ల్యాబు గుమ్మంలో నిలబడ్డావు. పిలుద్దామనుకునేలోపల వెనక్కి తిరిగావు."

ఎనిమిది నెలలు. ఎనిమిది నెలలుగా వీడు నా ఎదురుగా కూర్చుని తింటూ, షుగరుందని నేను టీలో పంచదార మానేస్తే, నాకోసం తనూ మానేశాడు.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఇచ్చేదానివి. గజగజ వణుకుతూ ఇచ్చేదానివి. నాకు భయం లేదు కదా. భయం లేనివాణ్ణి నేనుండగా నువ్వెందుకు?"

లేచి ఆ గదిలోకి వెళ్లాను.

ప్రశ్నలావిడ పొట్టి మనిషి. స్వెటరు మోచేతి దగ్గర అల్లిక ఊడి దారం వేలాడుతోంది. నా కళ్లు దాని మీదే నిలిచాయి, ఆవిడ ముఖం చూడలేక. కూర్చోమంది. ఈ గదిలో మీరు ఎవరికీ ఏమీ బాకీ లేరని మొదలుపెట్టింది. మీ తమ్ముడు ఇవ్వనంటే మీకు కోపం వస్తుందా అని అడిగింది.

"కోపం కాదు. భయం వస్తుంది" అన్నాను.

ఆవిడ కలం కింద పెట్టింది. అర్థమైపోయినట్టుంది. మెల్లగా చెప్పింది. "మీరు ఇవ్వదలచుకోకపోతే అది మీ హక్కు. వైద్యపరంగా మీరు సరిపోరని మేమే ఒక ఉత్తరం రాస్తాం. అసలు కారణం మీ అక్కకు గానీ తమ్ముడికి గానీ ఎప్పటికీ తెలియదు."

నేను ఇంట్లో నోటితో చెప్పిన అబద్ధమే ఇది. వీళ్లు ముద్రవేసి, దయగా, మర్యాదగా ఇస్తామంటున్నారు. వారం ముందైతే ఆ ఉత్తరం కళ్లకద్దుకుని తీసుకునేదాన్ని.

"ఆ అబద్ధం నేను ముందే చెప్పేశానమ్మా" అన్నాను. తర్వాత ఆగలేకపోయాను. తెల్లకుర్చీ, షుగరు, వాడికి నేర్పిన వాక్యాలు, మూడో అంతస్తు లిఫ్టు, అన్నీ చెప్పాను. ఇంగ్లిషులో మొదలుపెట్టి, మధ్యలో ఎక్కడో తెలుగులోకి పడిపోయాను. ఎప్పుడు పడ్డానో తెలియదు. ఆవిడ ఆపలేదు. దుబాసీని కూడా పిలవలేదు, కావలసిన ముక్కలన్నీ అప్పటికే ఇంగ్లిషులో అందినట్టున్నాయి.

నేను ముక్కు తుడుచుకున్నాక అంది. "మీ తమ్ముడికి ఇవ్వాలని నిజంగానే ఉందని నాకు నమ్మకం కలిగింది. కానీ అతను వద్దనుకోగలిగిన స్థితిలో లేడు. అతను తప్పుకుంటే మీరు దొరికిపోతారని అతనికి తెలుసు. మీరు పరీక్ష చేయించుకోవచ్చు. లేదా మీరు ఇవ్వదలచుకోలేదని అతని ముఖానే చెప్పవచ్చు. ఏదైనా సరే, ఎదురుగా పెట్టండి. అప్పుడు అతన్ని మళ్లీ అడుగుతాను. అప్పుడూ ఇదే చెబితే సంతకం పెడతాను."

"పరీక్ష చేయించుకుంటాను" అన్నాను. నా నోరు నాకంటే ముందు అంది.

"నా రిపోర్టు కూడా కలిస్తే?" అని నేనే అడిగాను.

"అప్పుడు ఇద్దరున్నారని అతనికి తెలుస్తుంది. మీకూ తెలుస్తుంది. మీరు ఎప్పుడైనా ఆగిపోవచ్చు." కలం తీసుకుంది. "ఇది మీరు ఎవరికైనా బాకీ ఉన్నానని చేస్తున్నారా?"

మావాడు నోట రానివ్వనన్న మాట అది. వంటింటి బల్ల దగ్గర నేను వాడిమీద అరిచి నేర్పబోయిన మాట. "లేదు, ఎవరికీ ఏమీ బాకీ లేను" అన్నాను, చక్కటి ఇంగ్లిషులో, తడుముకోకుండా. ఆవిడ రాసుకుంది. నాకు సిగ్గేసింది.

రక్తం తీసే గది కింది అంతస్తులో ఉంది. లిఫ్టు ఉన్నా మెట్ల మీద వెళ్దామన్నాను, ఆలస్యమయినంత మేలని. నా సంచి తమ్ముడే పట్టుకున్నాడు. అక్కడా తెల్లకుర్చీయే. నర్సు నా జబ్బకు పట్టీ బిగించింది. లేచి పరిగెత్తాలని ఎంత అనిపించిందో చెప్పలేను. వాడు పక్కకొచ్చి మోకాళ్ల మీద కూర్చుని నా రెండో చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దనిపిస్తే వెళ్లిపోదాం చిన్నక్కా. నేనున్నాను కదా."

మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ అనని మాట అప్పుడు నా నోటివెంట వచ్చింది. "నీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేనురా."

వాడు తలుపు వైపు చూశాడు.

"మెల్లగా అను. ఆవిడ వింటే నీ ఫైలు కూడా మూసేస్తుంది."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కదలొద్దని నర్సు కసిరింది. సూది దిగింది. నేను చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.